వంకాయ రంగు చీర నీలంగా ఎందుకొచ్చింది

పోయిన ఏడాది శ్రావణమాసానికి ముందు సంగతి. బండార్లంక నుంచి మా నేత మావయ్యగారు (అమ్మ తరఫు దూరపు చుట్టం, వావి సరిగ్గా కట్టలేక ఇంటిల్లిపాదీ మావయ్యగారనే అంటాం) పన్నెండు చీరలు గుడ్డసంచిలో పెట్టుకుని అమలాపురంలో మా స్టూడియోకి వచ్చారు. షాపులవాళ్ళకి చూపించాలంటే ప్రతిసారీ మడత విప్పడం, మళ్ళీ మడతపెట్టడం, ఈలోగా ఎవరో ఒకరు దానిమీద టీ ఒలకబొయ్యడం, ఈ గోలంతా ఎందుకు, ఏ4 సైజులో ప్రింట్లు వేసి ఫైల్లో పెట్టిచ్చెయ్యరా అన్నారు. అదెంత పని అన్నాను. పదిహేనేళ్ళుగా పెళ్ళి ఆల్బములు చేస్తున్నవాడి ధీమా అది.

మూడోరోజు పొద్దున్నే వచ్చారు. ప్రింట్లు బల్లమీద పరిచాను. ఆయన ఏమీ మాట్లాడకుండా లాల్చీ జేబులోంచి ఒక దారం చిలప తీసి, వంకాయ రంగు చీర ప్రింటు మీద అడ్డంగా పెట్టారు. చిలప అప్పుడే కోసిన నల్లవంకాయలా నిగనిగలాడుతోంది. దానికింద ప్రింటులో చీర చూస్తే స్కూలు యూనిఫాం నీలం. "ఇదెవరి చీరరా అబ్బాయ్?" అన్నారు.

గబగబా కంప్యూటర్లో ఫైలు తెరిచాను. అక్కడా కొంచెం నీలంగానే ఉంది! "రాత్రి చూసినప్పుడు సరిగ్గానే ఉంది మావయ్యగారూ" అన్నాను. "రాత్రికోలా పగలోలా ఉండడానికి అదేమన్నా కలువపువ్వా?" అన్నారు.

ఆ మాట దగ్గర మొదలైన తిప్పలు సుమారు రెండు నెలలు నడిచాయి. స్క్రీన్ మీద కనపడిన రంగు కాగితం మీదకి ఎందుకు రాదు, రావాలంటే ఏం చెయ్యాలి అని నేను తగలేసిన ఇంకుతో ఇంకో ప్రింటర్ కొనుక్కోవచ్చు. మీకైనా ఆ ఇంకు మిగలాలని ఇది రాస్తున్నాను.

మొదట చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే అందరూ చేసేది అదే. ప్రింటు నీలంగా వచ్చింది కదా అని ఫైల్లో ఎరుపు పెంచి మళ్ళీ వేశాను. చాల్లేదని ఇంకొంచెం పెంచాను. ఆరో షీటుకి చీర ఇంచుమించు వంకాయ రంగులోకి వచ్చింది, కానీ జరీ అంచు రాగి చెంబులా తయారైంది, చీర కట్టిన అమ్మాయి జడలో మల్లెపూలు గులాబీ రంగుకి తిరిగాయి. సరే పూలు విడిగా సెలెక్ట్ చేసి సరిదిద్దుదాం అని కూర్చున్నాను. అక్కడికి వచ్చాక బుద్ధొచ్చింది. ఇలా పన్నెండు చీరలకీ పన్నెండు రకాలుగా సర్దుకుంటూ పోతే, రేపు కాగితం మారిందంటే మళ్ళీ మొదటికే. చూపించే స్క్రీన్ నిజం చెప్తోందో లేదో తెలియకుండా, దాన్ని చూస్తూ ఫొటోని ఎంత దిద్దినా గుడ్డిగవ్వ చెయ్యదు.

రాత్రి సంగతి నాలుగో రోజుకి తేలింది, సిగ్గుగా ఉన్నా చెప్పాలి. మా అబ్బాయి కళ్ళకి మంచిదని విండోస్‌లో నైట్ లైట్ పెట్టాడు. సాయంత్రం అయ్యేసరికి స్క్రీన్ దానంతటదే పసుపెక్కిపోతుంది. షాపు మూశాకే కదా నేను ఎడిటింగుకి కూర్చునేది, అంటే కొన్ని నెలలుగా నేను పచ్చకామెర్ల కళ్ళతో ఫొటోలు దిద్దుతున్నానన్నమాట. ఆ పసుపు, ఎరుపు వెలుగులో నీలం చీర కూడా వంకాయ రంగులోకి దిగినట్టే కనపడుతుంది. మీ మెషీన్‌లో ఇలాంటివి ఏమున్నాయో ముందు చూసి అన్నీ ఆపెయ్యండి. మానిటర్ మెనూలో 'వివిడ్', 'గేమ్', 'సినిమా' లాంటి మోడ్‌లుంటే వాటినీ వదిలేసి, ఎస్ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లన్నీ వాడే రంగుల కొలమానం) అని ఉంటే అందులోకో, లేకపోతే మామూలు స్టాండర్డ్ మోడ్‌లోకో రండి.

తరువాతది బ్రైట్‌నెస్. నా లెక్కలో సగం గొడవ ఇక్కడే ఉంది. "ఫొటోలు నల్లగా వచ్చాయండీ" అని పెళ్ళివారు ఎన్నిసార్లు అన్నా నేను ఆల్బం వేసే ల్యాబ్ మీదకి నెట్టేసేవాణ్ణి, వాళ్ళని మార్చాను కూడా. వాళ్ళ తప్పేం లేదు. మానిటర్ తన వెలుగు తనే ఇస్తుంది, కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న దీపం వెలుగునే తిప్పికొడుతుంది. మామూలు మానిటర్‌ని డబ్బాలోంచి తీసినప్పుడు చదరపు మీటరుకి 250 క్యాండెలాలో (వెలుగుకి కొలత అది), 300 క్యాండెలాలో వెలుగు చిమ్ముతుంటుంది. ప్రింటింగ్ పనికి 80 నుంచి 120 మధ్య చాలు. డబ్బాలోంచి తీసినప్పటి ఆ ఎక్కువ వెలుగులో ఫొటో చూస్తే నీడలో ఉన్న తాతగారి ముఖం కూడా స్పష్టంగా కనపడుతుంది కాబట్టి దాన్ని మనం పైకి లేపం, కాగితం మీదకొచ్చేసరికి తాతగారు చీకట్లో కలిసిపోతారు.

పరికరం ఏమీ లేకుండా దీన్ని చాలావరకు సర్దుకోవచ్చు. స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. మీరు ప్రింటు వేసే కాగితమే ఒకటి తీసుకుని మానిటర్ పక్కన, మీరు ప్రింట్లు చూసే దీపం కింద పట్టుకోండి. రెండు తెలుపులూ ఒకేలా ఉన్నాయనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. నాది 90 మీద ఉండేది, 28కి దిగింది. మొదటి రోజు స్క్రీన్‌కి జబ్బు చేసినట్టు అనిపించింది. రెండ్రోజుల్లో కన్ను అలవాటు పడిపోయింది. ఇప్పుడు పక్క షాపులో కంప్యూటర్ చూస్తేనే కళ్ళు జిగేల్‌మంటున్నాయి.

ఇంక గది. ఇది మన కోనసీమవాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న తంటా అనుకుంటాను. మా ఎడిటింగ్ గది గోడలు లేతాకుపచ్చ, చల్లగా ఉంటుందని నాన్న వేయించిన రంగు. కిటికీ తీస్తే పక్కవాళ్ళ అరటి తోట, దాని వెనక కొబ్బరిచెట్లు. ఆ ఆకుల మీద పడి లోపలికొచ్చే వెలుగులో ఎంత పచ్చదనం ఉంటుందో రోజూ అందులోనే కూర్చునేవాడికి తెలియదు. తెల్ల కాగితం ఒకటి కిటికీ దగ్గర, ఒకటి డాబా మీద పట్టుకుని ఫోన్లో ఒకే సెట్టింగుతో రెండు ఫొటోలు తీశాను, కిటికీ దగ్గరది పెసరపిండి కలిపినట్టుంది. పచ్చ వెలుగులో కూర్చుంటే కన్ను ఆ పచ్చని కొట్టేసుకుంటుంది, అప్పుడు స్క్రీన్ మీద చర్మం రంగు గులాబీగా తోస్తుంది, మనం గులాబీ తగ్గిస్తాం, పెళ్ళికూతురు పాలిపోయి వస్తుంది. గోడలకి మళ్ళీ సున్నం వేయించే ఓపిక లేక, మానిటర్ వెనక గోడకి బూడిద రంగు చార్టు కాగితాలు అతికించాను, కిటికీకి ముదురు కర్టెన్ వేశాను. రాత్రిపూట ఒకే ఎల్ఈడీ దీపం, మానిటర్ మీద నేరుగా పడకుండా. ఎడిటింగుకి కూర్చుంటే రంగురంగుల చొక్కా కూడా వద్దు, అద్దంలా మెరిసే స్క్రీన్ అయితే అది కూడా అందులో పడుతుంది.

ఇవన్నీ అయ్యాక రాజమండ్రిలో ఉండే స్నేహితుడి దగ్గర క్యాలిబ్రేటర్ అడిగి తెచ్చుకున్నాను. కోడిగుడ్డంత ఉంటుంది, స్క్రీన్‌కి ఆనించి వేలాడదీస్తాం. స్పైడర్ అని డేటాకలర్ వాళ్ళది ఒకటి, క్యాలిబ్రైట్ వాళ్ళవి కొన్ని, మనకి దొరికేవి ఇవే ఎక్కువ. అది చేసే పని సింపుల్. సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద ఒక రంగు చూపిస్తుంది, 'ఇది ఇంత ఎరుపు, ఇంత పచ్చ, ఇంత నీలం' అని అంకెలు దానికి తెలుసు; నిజంగా ఎంత వచ్చిందో కింద ఉన్న కన్ను కొలుస్తుంది. వందల రంగులు అలా కొలిచాక ఈ తేడాలన్నీ రాసిన చిట్టా ఒకటి తయారవుతుంది, అదే ఐసీసీ ప్రొఫైల్. అడోబీ, యాపిల్, కొడాక్ లాంటి కంపెనీలు 1993లో కలిసి పెట్టుకున్న కన్సార్షియం ఐసీసీ, ఏ మెషీన్ రాసిన చిట్టాని ఇంకే మెషీన్ అయినా చదవగలిగేలా ఒప్పందం చేసుకున్నారు. పరికరంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేక్యాల్ అని ఉచితంగా దొరుకుతుంది, లోపల ఆర్గిల్ అనే ప్రోగ్రాం పనిచేస్తుంది. నిదానం, కానీ మొహమాటం లేకుండా పని చేస్తుంది.

మానిటర్‌ని అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వాలి. టార్గెట్లు నేను పెట్టినవి: తెలుపు 6500 కెల్విన్ (తెలుపు పసుపు వైపుందో నీలం వైపుందో చెప్పే కొలత), గామా 2.2 (నలుపుకీ తెలుపుకీ మధ్య మెట్లు ఎంత వెలుగుతో ఉండాలో చెప్పే అంకె), వెలుగు 100 క్యాండెలాలు. మొదటిసారి సగంలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీదకి మారేలోపు మానిటర్ ఆగిపోయింది, మళ్ళీ మొదట్నుంచి. మన దగ్గర వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే అంతే.

అంతా అయ్యాక వంకాయ చీర మొదటి ఫైలు తెరిచాను. నీలం. శుభ్రమైన, సందేహం లేని నీలం.

అంటే ప్రింటర్ వారం రోజులుగా నాకు నిజమే చెప్తోంది పాపం. నేనే వినలేదు. తప్పు కెమెరా దగ్గరే మొదలైంది. ఊదా, వంకాయ రంగుల్లో మన కంటికి కనపడే ఆ ఎర్రని జీర కెమెరా సెన్సర్లకి అంతగా అందదు, అందుకే వాటిని నీలం వైపు తోసేస్తాయి. మీ ఊళ్ళో ఏ పెళ్ళి ఆల్బం తిరగేసినా వంకాయ రంగు పట్టుచీర దగ్గర ఆగి చూడండి. దీనికి మందు 24 గళ్ళ కలర్‌చెకర్ కార్డు. 1976 నుంచీ ఉన్న వస్తువు, మన ఫొటో వాళ్ళలో చాలామంది దగ్గర ఉండదు. చీర పక్కన పెట్టి అదే వెలుగులో ఒక ఫొటో తీస్తే, ఆ గళ్ళ అసలు రంగులు సాఫ్ట్‌వేర్‌కి తెలుసు కాబట్టి మీ కెమెరా ఎక్కడ తప్పుతోందో కట్టి ప్రొఫైల్ చేస్తుంది. రా ఫైలుకి (కెమెరా తను దిద్దకుండా దాచిన ఫైలు) అది తగిలించాక వంకాయ ముప్పాతిక వంతు దారికొచ్చింది. మిగతా పావు వంతు నేనే, చిలపని మానిటర్ పక్కన పట్టుకుని, ఊదా ఒక్కదాన్నే జరిపాను. ఇప్పుడు స్క్రీన్ నమ్మదగ్గది కాబట్టి ఆ జరపడానికి ఒక అర్థముంది.

ఇప్పుడు ప్రింటు వేస్తే? మళ్ళీ వేరే రంగు. ఈసారి ఎర్రగా!

ఇది రెండో మూర్ఖత్వం. ఫొటోషాప్ ప్రింట్ కిటికీలో రంగుల సంగతి ఎవరు చూడాలి అని అడుగుతుంది, ఫొటోషాపా, ప్రింటరా అని. నేను ఫొటోషాప్ అని పెట్టాను, మంచిదే. కానీ ప్రింటర్ డ్రైవర్లో (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా కలర్ కరెక్షన్ ఆన్‌లోనే ఉంది. ఇద్దరు వంటవాళ్ళు ఒకే పులుసులో చెరోసారి ఉప్పు వేసినట్టు, దిద్దినదాన్నే మళ్ళీ దిద్దారు. ఎవరో ఒక్కరికే అప్పగించాలి. ఫొటోషాప్‌కి అప్పగిస్తే డ్రైవర్లో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టెయ్యాలి. ఈ ముక్క ఒక్కటి తెలియక స్టూడియోలు మార్చిన కస్టమర్లు, ప్రింటర్లు మార్చిన స్టూడియోలు ఎన్ని ఉంటాయో.

కాగితం రకం కూడా డ్రైవర్లో సరిగ్గా చెప్పాలి. గ్లాసీకి ఎంత ఇంకు పొయ్యాలో, మ్యాట్‌కి ఎంతో అది దాన్నిబట్టే లెక్కేసుకుంటుంది. కంపెనీవాళ్ళు ఇచ్చే ప్రొఫైల్ వాళ్ళ ఇంకు, వాళ్ళ కాగితం, ఆ ప్రింటర్, ఈ మూడూ కలిస్తేనే పనిచేస్తుంది. మనం ట్యాంకులో బయట ఇంకు పోసి, బజార్లో దొరికే పేరులేని గ్లాసీ పేపరు పెట్టి, ఆ ప్రొఫైల్ ఎంచుకుంటే ఎవరి జాతకమో చూసి ఎవరికో ముహూర్తం పెట్టినట్టే. బయట ఇంకు వాడొద్దని నేను అనను, నేనూ వాడాను, లెక్కలు నాకూ తెలుసు. వాడితే మాత్రం దానికి విడిగా ప్రొఫైల్ చేయించుకోవాలి. నేను హైదరాబాద్‌లో ఒకాయన చేత చేయించాను. ఆయన పంపిన రంగు గళ్ళ పటాన్ని కలర్ మేనేజ్‌మెంట్ మొత్తం ఆపేసి ప్రింటు వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి కొరియర్ చేస్తే, స్పెక్ట్రోఫొటోమీటర్ అనే రంగులు కొలిచే పరికరంతో కొలిచి ప్రొఫైల్ ఫైలు మెయిల్లో పంపారు. ఆరనివ్వడం అంటే గుర్తొచ్చింది, మన గాలిలో తేమకి ఇంకు ఆరడం నిదానం. ప్రింటు ట్రేలోంచి వచ్చీ రాగానే రంగు తేల్చెయ్యకండి, రాత్రి పెట్టి పొద్దున్న చూడండి. కాగితం ప్యాకెట్ కూడా తెరిచి వదిలేస్తే వానల్లో అప్పడంలా వంకర తిరుగుతుంది. జిప్ సంచిలో వెయ్యండి.

ప్రొఫైల్ వచ్చాక ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ చూడొచ్చు, అంటే ఈ కాగితం మీద ఈ ఇంకుతో ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇక్కడ అందరికీ మనసు విరుగుతుంది. కాగితం తెలుపు కూడా చూపించమని టిక్ పెడితే ఫొటో ఒక్కసారిగా వెలిసిపోయినట్టవుతుంది. వెలవలేదు, కాగితం అంతే. స్క్రీన్‌లో ఉండే కొన్ని రంగులు ఇంకులో లేనే లేవు. సార్వా ఊడ్పులయ్యాక నెల రోజుల చేను ఎండలో మెరిసే ఆ లేతాకుపచ్చ, కొంత నీలం, మిరపపండు ఎరుపు కొంత, ఇవి స్క్రీన్ మీద ఉన్నంత ఘాటుగా కాగితం మీదకి రావు. రాని రంగుని ఏం చెయ్యాలనేదే 'రెండరింగ్ ఇంటెంట్'. 'పర్సెప్చువల్' పెడితే అన్ని రంగుల్నీ కలిపి కొంచెం లోపలికి జరుపుతుంది, 'రెలెటివ్ కలరిమెట్రిక్' పెడితే రాగలిగినవాటిని ఉన్నట్టే ఉంచి, రానివాటిని మాత్రం దగ్గర్లో ఉన్న రంగుకి తెచ్చి ఆపుతుంది. చీరలకి నేను రెండోదే వాడుతున్నాను, నేత పని చేసేవాళ్ళకి రంగు తప్పకూడదు కదా. వరద గోదారి ఫొటోలు, పొలాల ఫొటోలు వేసుకునేటప్పుడు మొదటిది. ఆ ఎర్రనీళ్ళ ఛాయలు అందులోనే మెత్తగా కలుస్తాయి.

బయట ల్యాబ్‌కి ఇచ్చేవాళ్ళకి రెండు ముక్కలు. ఫైలు ఎస్ఆర్‌జీబీలో ఇవ్వండి, వాళ్ళు ప్రత్యేకంగా వేరేది అడిగితే తప్ప. అడోబీ ఆర్‌జీబీలో (ఇంకా ఎక్కువ రంగులు పట్టే కొలమానం) ఇస్తే, వాళ్ళ మెషీన్ అది చూసుకోకపోతే ముఖాలన్నీ బూడిద పూసుకున్నట్టు వస్తాయి. రెండోది, ఆటో కరెక్షన్ వద్దని ఆర్డర్ మీద రాసి, ఒకసారి చిన్న టెస్టు ప్రింటు వేయించండి. నా టెస్టు షీటులో నలుపు నుంచి తెలుపుదాకా బూడిద రంగు మెట్లు, ఒక చామనఛాయ ముఖం, ఒక ఎర్రని ముఖం, చేను, గోదారి నీళ్ళు, ఇప్పుడు కొత్తగా ఆ వంకాయ చిలప ఉంటాయి. బూడిద మెట్లు చాలు జాతకం చెప్పడానికి. వాటిలో పచ్చో గులాబీయో తొంగిచూస్తే మిగతా రంగులు చూడక్కర్లేదు.

మావయ్యగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి నేనే బండార్లంక. ఇంట్లో ట్యూబులైటు కింద ప్రింటు మీద చిలప పెట్టారు. సరిపోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు లేచి వీధి అరుగు మీదకి నడిచారు, అక్కడ మళ్ళీ పెట్టారు. అక్కడ చిలప ఒక పిసరు ఎర్రగా, ప్రింటు ఒక పిసరు నీలంగా ఉంది. ఇది ఎవరి తప్పూ కాదు, దారానికి అద్దిన రంగు వేరు, ప్రింటర్ ఇంకు వేరు, ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో దీపం కింద విడిపోవచ్చు, మెటమెరిజం అంటారు అని చెప్పబోయాను. "అది మాకు తెలుసులేరా, ట్యూబులైటు కింద మేం దారం ఎప్పుడూ కొనం" అన్నారు. ముప్పైయేళ్ళుగా పొద్దుటి నీడలో, ఉత్తరం వైపు వెలుగులో రంగు చూసే మనిషికి నేను నేర్పేదేముంది? ప్రింట్లు చూడ్డానికి ప్రమాణంగా పెట్టుకున్న వెలుగు కూడా పగటి వెలుగుని పోలినదే, 5000 కెల్విన్ అని. నేను ఇప్పుడు ప్రింట్లన్నీ పొద్దున ఎనిమిదింటికి డాబా మెట్ల దగ్గర నీడలో చూసే ఓకే చేస్తున్నాను.

పదకొండు చీరలు పాసయ్యాయి. పన్నెండోది నెమలికంఠం. పడుగు నీలం, పేక పచ్చ. అటు నుంచి చూస్తే ఒకటి, ఇటు నుంచి చూస్తే ఇంకొకటి, కట్టుకున్నావిడ నడుస్తుంటే రెండూ. ఏ ప్రొఫైల్ పెట్టినా ప్రింటులో ఉన్నది మాత్రం ఏదో ఒక రంగే. ఆయన ప్రింటుని అటూ ఇటూ వంచి చూశారు, చీరని చూసినట్టే, అలవాటు కొద్దీ. రంగు మారలేదు. నవ్వి పక్కన పెట్టేసి, "దీనికి ఫొటో ఒద్దులే, చీరే తీసుకెళ్తా" అన్నారు.

లైట్ మజెంటా ట్యాంకు అడుగంటింది. ఈసారి కంపెనీ ఇంకే తెప్పిస్తున్నాను, అంటే ప్రొఫైల్ మళ్ళీ మొదటికొచ్చినట్టే.